కుప్పను కాల్చిన చుక్క

నేను దేన్నీ చప్పున నమ్మను. తెనాలిలో మందుల షాపు నడుపుతాను. డాక్టరు రాసిన అక్షరం కాస్త వంకరగా ఉన్నా ఫోను చేసి అడుగుతాను. కొత్త సరుకు వస్తే డబ్బా మీది తేదీనీ లోపలి పట్టీ మీది తేదీనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. నేను వృత్తి అంటాను.

అందుకే డిసెంబరులో ఆకాశం నుంచి చుక్కల వాన కురుస్తుందని పేపర్లో చదివినప్పుడు కూడా అనుమానమే వచ్చింది. అంతకు ముందు ఏడాది మా డాబా మీద మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఒక్కటంటే ఒక్కటి కనపడింది. అదీ విమానమేమో తెలీదు.

ఈ సంగతి కరుణతో అన్నాను. కరుణ మా షాపు ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి, ఉద్యోగం మానేసి, పాతపట్నం దగ్గర తన సొంతూరికి వెళ్లిపోయింది. వాళ్లది బాప్టిస్టు మిషన్ చర్చి కుటుంబం.

"తప్పు పేపరుది కాదక్కా, మీ ఊరి లైట్లది. మావైపు రా, చీకటంటే ఏటో చూపిస్తాను" అంది ఫోనులో.

మరీ అంత గట్టిగా ఎందుకు పిలుస్తోందా అని అప్పుడే ఒక చిన్న అనుమానం తగిలింది. అయినా షాపు మా ఆయనకు అప్పగించి బయల్దేరాను.

గజపతినగరం

విజయనగరంలో రైలు దిగి, మొదటి మజిలీ గజపతినగరంలో చేశాను. అసలు వాన ఇంకా రెండు రోజులుందనగా కూడా చినుకులు పడతాయని చదివాను కనక, దారికి కాస్త పక్కనైనా సరే, ఒక రాత్రి వృథా చేయడం ఎందుకనిపించింది.

లాడ్జి యజమాని నా వైపు, నా చేతిలోని చాప వైపు, మళ్లీ నా వైపు చూశాడు.

"ఒక్కరే వచ్చినారేటమ్మా? పనేటి?"

"చుక్కలు చూడ్డానికి."

"సుక్కలా? మీ ఊర్లో నేవా?"

ఆధార్ కార్డును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను మందు సీసాను చూసే పద్ధతి అచ్చం అదే. అవతలివైపు నిలబడితే ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది.

సాయంత్రం బజారులో తిరిగాను. సంత ముగిసే వేళ. చోళ్లు అమ్ముతున్న ఆమెను "రాగులెంత?" అని అడిగితే నాకేదో భాష రానట్టు చూసి, "సోళ్లమ్మా ఇవి" అని దిద్దింది. పక్కన మురీల బండి. మేము మరమరాలంటాం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేరుశనగ, నిమ్మరసం వేసి ఇరవై రూపాయలకు ఇంత పొట్లం ఇచ్చాడు. మావైపు ఆ ధరకు ఇందులో సగం కూడా రాదు. ఇంత చవకగా ఎలా ఇస్తాడని నూనె వాసన చూశాను. బాగానే ఉంది. అతనికి కోపం వచ్చింది.

"బాగున్నాదా, పోలీసులికి సెప్తారా?" అన్నాడు.

రాత్రి లాడ్జి డాబా ఎక్కాను. పక్కనే రైసు మిల్లు వాళ్ల పెద్ద లైటు. దానికి తోడు మంచు. మంచూ లైటూ కలిసి ఆకాశం మొత్తం పాల గిన్నెలా అయింది. కిందకి దిగుతుంటే యజమాని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"కనబడినాయా?"

"లేదు."

"నాను ముందే అనుకున్నాను" అన్నాడు. నేను చుక్కల కోసం రాలేదని ముందే అనుకున్నాడో, కనబడవని అనుకున్నాడో చెప్పలేదు.

నౌపడ

మరునాడు మధ్యాహ్నానికి నౌపడలో దిగాను. పాతపట్నం వైపు వెళ్లే బండి ఇక్కడే పట్టాలి. ఉప్పు మడులు చూడాలని ఆ రోజుకు అక్కడే ఆగాను. మా కృష్ణా డెల్టాలో నేల కనపడకుండా పైరు ఉంటుంది. ఇక్కడ నేల మీద ఆకాశం పరిచినట్టు మళ్లు మళ్లుగా నీళ్లు, గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు. చెట్టన్నది లేదు. చూపుకి ఎక్కడా అడ్డం లేదు. ఇదే సరైన చోటనుకున్నాను.

గట్టు మీద కాపలా ఉన్న ముసలాయన అలా అనుకోలేదు. "ఏ పేపరమ్మా మీది?" అని అడిగాడు. ఏ పేపరూ కాదన్నాను. "మరి కొలతలకొచ్చినారా? భూములు తీసుకుంటారని అంటన్నారు" అన్నాడు. నేను ఎంత కాదంటే అంత గట్టిగా అవుననుకున్నాడు. చివరికి మందుల షాపు అని చెప్పి, మోకాళ్ల నొప్పికి ఏ మాత్ర వేసుకుంటున్నాడో అడిగాను. అది అన్నం తిన్నాక వేసుకోవాలని చెప్పాక కొంచెం నమ్మాడు. ఆ మాత్రం నమ్మకంతోనే తన కేరేజీలోంచి చోడి అంబలి గ్లాసులో పోసి ఇచ్చాడు. నంజుకోవడానికి ఎండు చేప ముక్క. పుల్లపుల్లగా, చల్లగా ఉంది. రెండో గ్లాసు నేనే అడిగాను.

పొద్దు గుంకాక తూర్పున ఒక సన్నటి గీత కనపడి మాయమైంది. చూశానా లేదా అన్నంత వేగం.

"చూశారా?" అన్నాను.

"సూసినాను. అనకూడదు. ఎక్కడో ఎవులో పోయినట్టు" అని ముసలాయన తల కిందకి దించుకున్నాడు.

మావైపు కూడా ఆ మాటే అంటారు. నేను మాత్రం అది కంటి భ్రమేమోనని ఇంకోదాని కోసం చూస్తూ కూచున్నాను. సముద్రం వైపు నుంచి మబ్బు పట్టేసింది.

పాతపట్నం బండిలో

మరునాటి బండిలో కిటికీ పక్కన కూచుని, నేను చదివి వచ్చిందంతా మళ్లీ గుర్తు చేసుకున్నాను. రాలేవి చుక్కలు కావు. చుక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి. సూర్యుడి చుట్టూ తిరిగే తోకచుక్కలు దారి పొడవునా దుమ్ము రాల్చుకుంటూ పోతాయి. భూమి ఏడాదికోసారి ఆ దారిని దాటుతుంది. అప్పుడు ఆ దుమ్ము మన గాలిలోకి దూసుకొచ్చి మెరిసి ఆరిపోతుంది. దీన్నే ఉల్కల వాన అంటారు.

డిసెంబరు వాన సంగతి మాత్రం వేరు. దీనికి మూలం తోకచుక్క కాదట. ఫేథాన్ అనే రాతి ముద్ద. అది సూర్యుడికి మరీ దగ్గరగా పోయి వస్తుంది. ఆ వేడికి పగిలి పొడి రాలుతుందని కొందరు, ఒకప్పుడు తోకచుక్కగా ఉండి ఎండిపోయిందని కొందరు. అసలు ఇంత పొడి ఆ ఒక్క రాతి నుంచి ఎలా వచ్చిందన్నది శాస్త్రజ్ఞులకే ఇంకా అనుమానమట. అది చదివినప్పుడే ఈ వాన మీద నాకు అభిమానం కలిగింది.

కరుణ ఊరు

కరుణ స్టేషనుకు వచ్చింది. ఇంటికి వెళ్లి, పనసపొట్టు కూర ఆవ పెట్టి వండినది, వేడన్నం తిన్నాక అసలు విషయం బయటపెట్టింది.

"అక్కా, కోప్పడకు. నువ్వొస్తన్నావని ఒకలికి సెప్పినాను."

ఊళ్లో సింహాచలం అని ఒక రైతు. వారం కిందట కళ్లంలో అతని వరి కుప్ప రాత్రికి రాత్రి కాలిపోయింది. ఏడాది తిండి అది. ఆ కళ్లం అతనిదీ, అతని మేనమామ కొడుకు అప్పన్నదీ ఉమ్మడి. అప్పన్న కుప్ప పక్కనే ఉండీ చెక్కుచెదరలేదు. ఆ రాత్రి కళ్లంలో కాపలా పడుకున్నది అప్పన్నే. పైగా అతని కుడి ముంజేయి కాలి ఉంది. ఏం జరిగిందంటే ఒకటే మాట చెబుతున్నాడు: చుక్క రాలి కుప్ప మీద పడింది.

"గట్టు దగ్గర ఇద్దరికీ పాత తగువు ఉన్నాది. సింహాచలం కేసు పెడతానని తయారైనాడు. సుక్కల సంగతి తెలిసిన మేడమొస్తాది, ఆవిడ సెప్పేదాకా ఆగమని నానే ఆపినాను."

"నన్ను పిలిచింది చూడ్డానికా, తీర్పు చెప్పడానికా?"

కరుణ నా కంచం వైపే చూస్తూ మజ్జిగ పోసింది.

నాకు ఒళ్లు మండింది. అయినా లోపల ఇంకో మనిషి లేచి కూచుంది. కాలిన చేయి, మిగిలిన కుప్ప, పాత తగువు. ఇంకేం కావాలి? అప్పన్నను చూడకముందే నా మనసులో అతనికి శిక్ష పడిపోయింది.

మధ్యాహ్నం కరుణ నన్ను సింహాచలం తల్లి పైడమ్మ దగ్గరికి తీసుకువెళ్లింది. ఆమె నోటిని కరుణ వారానికోసారి టార్చి వేసి చూస్తుంది. ఈ వైపు పాతకాలపు ఆడవాళ్లు కొందరు చుట్టను అడ్డపొగ తాగుతారు. అంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుంటారు. నిప్పు లోపల, పొగాకు బయట. విన్నానే గానీ, ఆ నిప్పు ఒక మనిషి అంగిలిని ఏం చేస్తుందో ఆ రోజే చూశాను. తెల్లగా మచ్చ కట్టి ఉంది.

"మానేసిందమ్మా. నా మీద ఒట్టేసింది" అన్నాడు సింహాచలం. నలభై దాటిన మనిషి, కళ్ల కింద నల్లగా ఉంది. కాలిన ధాన్యం వాసన ఇంకా ఆ ఇంట్లోంచి పోలేదు.

పైడమ్మకు చూపు సరిగా ఆనదు. నా చేయి తడుముకుని పట్టుకుని, "సుక్క రాలితే కాలదేటమ్మా? నిప్పు కాదేటది?" అంది. ఆ గొంతులో భయం ఉంది. మేనల్లుడికి ఏమవుతుందోనన్న బెంగ అనుకున్నాను.

కళ్లం

ఆ రాత్రే వాన. ఊరికి ఎడంగా ఉన్న కళ్లంలోనే చాప వేసుకున్నాం. అంత చీకటి ఇంకెక్కడా లేదని కరుణ అంది. ఆమె ఎత్తుగడ నాకు అర్థమైంది. ఒక పక్క నేల నల్లగా మాడి ఉంది. ఇంకో పక్క అప్పన్న కుప్ప. అప్పన్న దానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతికి గుడ్డ కట్టు. సింహాచలం తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. కుప్ప వైపు పోబోతున్న ఆమెను అప్పన్న రెక్క పట్టుకుని దూరంగా కూచోబెట్టాడు. 

ఈశాన్యంలో పునర్వసు చుక్కలు రెండూ పైకి వచ్చాయి. ఆ దిక్కు నుంచే వాన అని నేను చెబుతుండగానే మొదటిది రాలింది. నౌపడలో చూసినట్టు సన్నది కాదు. నిదానంగా, కొంచెం పచ్చగా, సగం ఆకాశం దాకా గీత గీసి ఆరిపోయింది. నేను నోరు తెరిచినది మూయకముందే ఇంకొకటి. తర్వాత రెండు ఒకేసారి. పేపరు అబద్ధం చెప్పలేదు. ఇంత దూరం వచ్చినందుకు ఆ క్షణంలో నా కళ్లు చెమర్చాయి.

సింహాచలం పైకి చూడలేదు. నన్నే చూస్తున్నాడు.

"మేడంగోరూ, సెప్పండి. ఇయ్యి రాలితే కుప్ప కాలతాదా?"

తెలీదనవచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. కానీ ఇరవై ఏళ్లుగా కౌంటరు మీద తెలిసినదాన్ని తెలీదని చెప్పినదాన్ని కాను.

"మీ రోడ్డు మీద ఇసుక లారీలు పోతాయి కదా. వెనక ఇసుక కారుతూ ఉంటుంది. లారీ వెళ్లిపోయాక మీరు బండి మీద అదే దారిలో వెళితే?"

"మొకం మీద కొడతాది."

"ఇదీ అంతే. లారీ ఎప్పుడో వెళ్లిపోయింది. మనం, ఈ భూమి, బండి మీద పోతున్నాం. ఆ రాలేవన్నీ ఇసుక రేణువులంత. ఎంతో వేగం మీద వచ్చి గాలిని గుద్దుకుంటాయి కనక మెరుస్తాయి. మబ్బుల కంటే ఎంతో పైన, అక్కడే అయిపోతాయి. నిప్పు కింద దాకా రాదు."

"ఒక్కటీ రాదా?"

"ఎప్పుడో, ఎక్కడో, పెద్ద రాయి పడుతుంది. అది ఈ వానలోది కాదు. పడినా నేలకు చేరేసరికి మంట ఉండదు. రాయి మాత్రం ఉంటుంది."

"బూడిదంతా జల్లించినాను. రాయి నేదు" అన్నాడు సింహాచలం. లేచి అప్పన్న ముందుకు వెళ్లాడు. "ఇన్నావేట్రా? ఇప్పుడేటి సెప్తావు?"

అప్పన్న తల ఎత్తలేదు. "సెప్పడానికేటీ నేదు బావా. రేపు స్టేషన్‌కి పోదాం. నాను వస్తాను."

తప్పు చేసినవాడు అలా ఒప్పుకోడు. బుకాయిస్తాడు, నన్ను తిడతాడు, ఇసుక లారీని వెక్కిరిస్తాడు. నకిలీ చీటీతో వచ్చే మనుషులను ఎంతమందిని చూడలేదు! నా అనుమానం మొదటిసారి కాలు జారింది.

అప్పుడు చీకట్లోంచి పైడమ్మ గొంతు వచ్చింది.

"ఆడు కాదురా సింహాచలం. నానే."

"నువ్వూరుకో అత్తా" అన్నాడు అప్పన్న గబుక్కున.

"ఊరుకున్నాను కదరా ఇన్నాళ్లూ. నిన్ను జీపెక్కించినాక కూడా ఊరుకోమంటావేటి?" ఆమె కొడుకు వైపు తిరిగింది. "సలికి నిద్దర పట్టక కళ్లానికొచ్చినాను నాయనా. కుప్ప ఎనకాల ఎచ్చగా ఉంటాదని గడ్డిలో కూకున్నాను. అప్పన్ననడిగి సుట్ట పుచ్చుకున్నాను. నోట్లో పెట్టుకుంటే మచ్చ మీద సురుక్కుమంది. ఊసేసినాను. ఎక్కడ పడినాదో సూపు ఆనలేదు."

సింహాచలం "ఒట్టేసినావు కదే అమ్మా" అన్నాడు. ఆ వెంటనే మాడిన నేల వైపు చూశాడు. "అంటే... నువ్వందులో కూకున్నావా? మంటొచ్చినప్పుడు?"

ఆ మాటకు బదులు అప్పన్న చెప్పాడు.

"కూకునే ఉన్నాది బావా. సీర కొంగు అంటుకున్నాది కూడా. నానే ఈడ్చుకొచ్చినాను."

అందరం అతని చేతి కట్టు వైపు చూశాం. వారం రోజులుగా ఊరంతా దేన్ని సాక్ష్యం అంటోందో, కరుణ చెప్పగానే నేను దేన్ని చూసి తీర్పు ఇచ్చేశానో, అది ఆ చేయి.

"మరి సెప్పొచ్చు కదరా, ఒరే!" సింహాచలం అరిచాడు. ఏడుపు లాంటి అరుపు.

"సుట్ట ఇచ్చింది నానే. నీకు తెలిస్తే అత్తతో మాటాడవు. నాతో ఎలాగూ మాటాడతన్నావు కావు కదా, ఆ నేరం కూడా నా మీదే ఉండనీ అనుకున్నాను."

సింహాచలం తల్లి ముందు కూలబడి ఆమె చీర కుచ్చెళ్లు, మడమలు, పిక్కలు తడిమి చూశాడు, ఇప్పుడే కాలినట్టు. "నేదురా, ఏటీ అవలేదు, ఆడు ఈడ్చీసినాడు" అని ఆమె అంటూనే ఉంది. తరవాత అతను లేచి అప్పన్న దగ్గరికి వెళ్లి కట్టు విప్పడం మొదలుపెట్టాడు. విప్పడం రాలేదు. కరుణ వెళ్లి విప్పింది. తను వారమంతా ఊళ్లో తిరుగుతూ కూడా ఆ చేయి ఒక్కసారి చూడలేదని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. టార్చి దగ్గరగా వేసి గాయం చూసింది. నేను సంచిలోంచి కాలిన గాయాలకు పూసే మందు తీసిచ్చాను. అలవాటు కొద్దీ తేదీ చూసే ఇచ్చాను.

మందు రాస్తున్నంతసేపూ పైన రాలుతూనే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. పైడమ్మ ఒక్కతే మొహం పైకెత్తి, చూపు ఆనని కళ్లతో, "ఇంకా పడతన్నాయేటమ్మా?" అని నన్ను అడిగింది. పడుతున్నాయని చెప్పాను. ప్రతిదానికీ ఎటు నుంచి ఎటు పోయిందో ఆమె అరచేతిలో వేలితో గీసి చూపించాను.

కేసు మాట మళ్లీ రాలేదు. "రేపు నీ కుప్ప నూర్చేద్దాం. ఉన్నదే ఇద్దరం తిందాం" అన్నాడు సింహాచలం, అప్పన్న మొహం చూడకుండా. అప్పన్న సరేనన్నాడు. గట్టు తగువు తీరిందని ఎవరూ అనలేదు. అది ఇంకా ఉండే ఉంటుంది.

తిరిగి వెళ్లేటప్పుడు గట్టు మీద నేను అప్పన్న పక్కన నడిచాను. నాకు ఒకటి అడగాలని ఉంది.

"చుక్క పడిందన్న మాట నీకెలా తోచింది?"

"తోచడమేటమ్మా, సూసినాను." అతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "అత్తను ఇవతలకి ఈడ్చి పడేసి, నానూ ఎల్లకిలా పడిపోయినాను. చెయ్యి మండతన్నాది. ఊపిరాడలేదు. అప్పుడు సూస్తే పైన ఒకటి రాలింది. పచ్చగా, సానాదూరం. అత్త బతికినాది కదా అని దాన్నే సూస్తా ఉండిపోయినాను."

ఈసారి నేను తిరిగి ప్రశ్న వేయలేదు.